పైపు టీ లోపల గట్టు తీసేస్తే

వర్క్‌షాప్ అని పేరే గానీ మాది మేడ మీద రేకుల షెడ్డు. అనంతపురం ఎండకు పగలు అందులో నిలబడలేం, పనంతా రాత్రిపూటే. అందుకే బల్ల మీద పైకీ కిందికీ జరిగే లైటు కావాల్సి వచ్చింది. ముప్పావు ఇంచు పీవీసీ పైపు నిలబెట్టి దానిమీద టీ, అంటే T ఆకారంలో ఉండే పైపు జాయింటు, జారేటట్టు చేస్తే చాలు అనుకున్నా. కానీ టీలోకి పైపు కొంచెం దూరం పోయి ఆగిపోతుంది. పాతూరులో అంగడాయన్ని అడిగితే "అట్ల ఇటునుంచి అటు దూరిపోయే టీ రాదన్నా" అన్నాడు.

వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది, పైపు ఎంతవరకు దిగాలో అంతవరకే ఆపడానికి లోపల సన్నని గట్టు ఉంటుంది. అది పోవాలి. అది పోయినా పైపు దూరదు, ఎందుకంటే నోటి దగ్గర వెడల్పుగా ఉండి లోపలికి పోయేకొద్దీ బిగుతు అవుతుంది, పైపులు అతికించే సొల్యూషన్ పూసినప్పుడు గట్టిగా పట్టాలని అట్లా చేస్తారు. ముందు గుండ్రటి ఆకురాయితో గట్టు తీసేశా. తర్వాత కర్ర పుల్ల కొస చీల్చి, అందులో ఎమరీ పేపర్ ఇరికించి, డ్రిల్లుకు బిగించి నిదానంగా తిప్పా. స్పీడు పెంచితే మాత్రం పని చెడుతుంది, 80 డిగ్రీల దగ్గరే పీవీసీ మెత్తబడిపోయి పొడి రాలడానికి బదులు పేపరుకు అంటుకుంటుంది. మూతికి మాస్కు తప్పనిసరి, ఆ తెల్లటి పొడి చాలా సన్నగా ఉంటుంది.

నాలుగైదు సార్లు పైపు దూర్చి చూసి, ఎక్కడ పట్టేస్తే అక్కడ పెన్సిల్ గీత పెట్టి మళ్లీ అరగదీశా. చివరికి చేత్తో తోస్తే జారింది, వదిలేస్తే కిందికి పడిపోయింది. పక్కన 5 మి.మీ. రంధ్రం వేసి, 6 మి.మీ. బోల్టుకు సరిపడా ట్యాపుతో లోపల మరలు కోసి, బోల్టు బిగిస్తే ఎక్కడ ఆపితే అక్కడే నిలుస్తోంది.

వైర్లు పట్టే క్లిప్పులు ఇంకా సులువు. రెండు పైపుల్ని కలిపే కప్లింగును అడ్డంగా రింగులుగా కోసి, ఒక్కో రింగులో మూడో వంతు తీసేస్తే పైపు మీద టక్కున కూర్చుంటుంది. మరీ బిగుతైతే మరిగే నీళ్లలో ముంచి వెడల్పు చేసుకోవచ్చు. మంట మీద మాత్రం వద్దు, నేను ఒకసారి గ్యాస్ స్టవ్ మీద పెడితే నల్లబడి గొంతు పట్టేసే పొగ వచ్చింది, అది ఆమ్లం పొగ. వేడినీళ్ల లైన్లకు వాడే మీగడ రంగు సీపీవీసీ మరిగే నీళ్లకు లొంగదు, పైగా దాని అరంగుళం పైపు బయటి వ్యాసం 15.9 మి.మీ., మామూలు పీవీసీ అరంగుళం పైపుది 21.3 మి.మీ., ఒకదానికొకటి కలవవు.

ఇప్పుడు డ్రిల్లు స్టాండు కోసం ఒక ఇంచు టీ పట్టుకున్నా. గట్టు పోయింది, పైపు ఇంకా సగంలోనే ఉంది.