కార్తెల వాన లెక్క

పదో తరగతిలో ప్రాజెక్టులకు మార్కులు లేని కాలంలో చదివిన బ్యాచ్ మాది. అయినా మన సైన్సు సారు ఆ ఏడాది ఒక పని పెట్టారు. ఎవరికి వాళ్లు ఒక ప్రశ్న ఎంచుకోవాలి, దాని జవాబు ఏ పుస్తకంలోనూ దొరక్కూడదు, సంక్రాంతి సెలవులకు ముందు బడి అందరి ముందరా నిలబడి చెప్పాలి.

నా ప్రశ్న మా తాత ఇచ్చింది. అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుందని సోషల్ పాఠం అప్పజెబుతుంటే ఆయన ఆపాడు. "ఆ సగటు పెట్టుకోని ఏం జేస్తావు పాపా? ఏ కార్తెలో ఎంత పడిందో అది జెప్పు, శెనక్కాయ పండేదీ లేనిదీ నేను జెప్తా."

సారుకు ఇదే చెప్పాను. "అయితే కొలిచి చూడమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆయన అడిగితే తప్ప దారి చెప్పలేదు. అందుకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

నూనె పోసుకునే పెద్ద గరాటు ఒకటి, దాని కింద ఒక సీసా. అదే నా రెయిన్‌గేజి. పక్కనున్న చెట్టు ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో పెట్టాలి కాబట్టి వేపచెట్టును వదిలి బడి మైదానం నడిమికి పోయాను. మేకలు రాకుండా నాయన చుట్టూ కంప వేశాడు. సీసా ఎంత పెద్దదైనా పరవాలేదు, లెక్కంతా గరాటు నోటిదే. నా గరాటు నోరు అడ్డంగా 20 సెంటీమీటర్లు. అంటే వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. ల్యాబులోని కొలజాడీలో పోస్తే 31.4 మిల్లీలీటర్లు వస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్టు. ఈ సంగతి సారు చెప్పలేదు. బోర్డు మీద నేనే వేసుకుని తేల్చుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి నడిచానో పరిగెత్తానో గుర్తులేదు.

వాతావరణ శాఖ వాళ్ల లాగే నేనూ పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచేదాన్ని. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాళ్ల లెక్కలో అది వాన రోజు. ఆకాశమంతా కమ్ముకుని, ఊరంతా అరుగుల మీదికొచ్చి చూసిన రోజులు కూడా చాలావరకు ఆ గీత దాటలేదు. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు. నోటుబుక్కులో కార్తెకొక పేజీ వేశాను. మృగశిర పేజీ దాదాపు ఖాళీ. పునర్వసులో విత్తనానికి పదునయింది, ఊరంతా గొర్రు కట్టింది. మఖ నాటికి చేను పూత దాటి ఊడలు దిగే వేళ. ఊడ అంటే పూత రాలాక మట్టిలోకి దిగి కొనన కాయ కట్టే కాడ. సరిగ్గా ఆ పేజీ నిండా సున్నాలే. నేల ఎండి గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, దిగినా కాయ ఊరదు. తర్వాత ఉత్తరలో ఒకట్రెండు రాత్రులు కుండపోత.

మండల ఆఫీసు రిజిస్టరు చూడనిచ్చారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మొత్తం కూడితే మామూలు వానకు పెద్ద తేడా లేదు. కాగితం మీద అది మంచి ఏడాది. మా చేన్లో పీకిన చెట్టుకు సగం గింజ లేని లొట్టకాయలు. నాయన పంట గురించి నేను రాసిన ఆ వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. అయినా కొట్టేయలేదు. ప్రాజెక్టుకు అదే ప్రాణం.

ఇంకొక మాట కూడా తేల్చాలనుకున్నాను. "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటారు కదా. ఉత్తర కార్తె వానను చూశాకే ఊళ్లో ఉండాలో వలస పోవాలో తేల్చుకోమని. నా లెక్క ప్రకారం శెనక్కాయకు ఉత్తర దాకా ఆగితే ఆలస్యం, మంచీ చెడూ మఖ, పుబ్బల్లోనే తేలిపోతుంది. భయపడుతూనే తాతకు చెప్పాను. ఆయన చాలాసేపు ఆ పేజీలు తిరగేయించుకున్నాడు. "మేము కొర్ర, జొన్న ఏసుకున్న కాలంలో మాట అది. శెనక్కాయకు నీ లెక్కే సరి" అన్నాడు. చప్పట్లు, సారు మెచ్చుకోలు తర్వాత వచ్చాయి. నాకు ఫలితం వచ్చింది మాత్రం ఆ రోజే.

ఆ తర్వాత నేను వ్యవసాయ కోర్సులో చేరాను. మొదటి ఏడాది వాతావరణం క్లాసులో రెయిన్‌గేజి బొమ్మ వేయమంటే కొలతలతో సహా వేశాను.

ఈ సంచిక చదివే తోటి విద్యార్థులకు ఒక విన్నపం. మన బడి మైదానంలో రెయిన్‌గేజి మళ్లీ పెడదాం. గరాటు, కొలజాడీ, గట్టి అట్ట పుస్తకం నేను తెస్తాను. మృగశిర జూన్ మొదటి వారం చివర్లో వస్తుంది, అప్పటికి సిద్ధంగా ఉండాలి. ఏటా పదో తరగతి పిల్లలు పైబ్యాచ్ నుంచి పుస్తకం అందుకుని రాసుకుంటూ పోతే, మన ఊరి వాన లెక్క మన ఊరి దగ్గరే ఉంటుంది. కంప వేయడానికి ఎవరైనా రండి.