దాచుకున్న బనియన్

మంచుకొండకు బయలుదేరే ముందురోజు సాయంత్రం మా బృందాన్ని నడిపించే పెద్దాయన అందరి బ్యాగులూ నేలమీద బోర్లించాడు. నా వంతు వచ్చేసరికి నాలుగు కాటన్ బనియన్లు, ఒక జీన్స్ ప్యాంటు ఏరి పక్కన పడేసి, "ఇవి ఇక్కడే ఉంటాయి అబ్బాయ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పాలియెస్టర్ వేసుకుంటే నాకు మెడ దగ్గర దురద. ఆయన అటు తిరగ్గానే ఒక బనియన్ తీసి మళ్లీ లోపల దూర్చేశాను.

తర్వాతి రోజున్నర గురించి చెప్పడానికేమీ లేదు. నడిచాం, తిన్నాం, పడుకున్నాం.

శిఖరం ఎక్కాల్సిన రోజు తెల్లవారుజామున నాలుగింటికి గుడారం బయట మైనస్ 12. బనియన్, దానిమీద థర్మల్, ఆపైన మెత్తటి ఫ్లీస్ చొక్కా, ఆపైన ఈకలు కూరిన డౌన్ జాకెట్, అన్నిటికీ పైన గాలినాపే షెల్. ఉన్నవన్నీ తగిలించుకుని దర్జాగా నిలబడ్డాను. పెద్దాయనేమో పల్చటి ఉన్ని చొక్కా మీద షెల్ ఒక్కటే వేసుకుని వణుకుతున్నాడు.

"ఆ డౌన్ జాకెట్ తీసి బ్యాగులో పెట్టు. బయలుదేరేటప్పుడు కాస్త చలి వెయ్యాలి."

"ఎక్కుతూ ఎక్కుతూ తీసేస్తాను సార్."

తియ్యలేదు. బ్యాగు దింపాలి, గ్లౌజులు విప్పాలి, జిప్పులతో కుస్తీ పట్టాలి. వెనకాల పదిమంది కాచుకుని ఉంటే ఎవరాగుతారు?

ఇరవై నిమిషాలకే వీపు మీద చెమట కాలవ కట్టింది. కళ్లద్దాలు ఆవిరి పట్టాయి. అలాగే పళ్లు బిగబట్టి గంటసేపు ఎక్కి, గట్టు మీద ఊపిరి తీసుకోడానికి ఆగామో లేదో, గాలి కొట్టింది. రెండు నిముషాలు పట్టలేదు, వీపుకు మంచుపలక కట్టినట్టయింది. దవడలు నా మాట వినడం మానేశాయి. ఐదు పొరలవాణ్ని నేను గజగజలాడుతుంటే, రెండు పొరలాయన నింపాదిగా బ్యాగులోంచి పొడిపొడిగా ఉన్న డౌన్ జాకెట్ తీసి తొడుక్కుంటున్నాడు.

గాలితో పోలిస్తే నీరు దాదాపు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా ఎంతోకొంత వెచ్చదనం మిగులుస్తుంది. కాటన్ చెమటంతా తాగి, ఆరకుండా ఒంటికి అతుక్కుపోతుంది. ఇక డౌన్ సంగతి చెప్పక్కర్లేదు: ఆ ఈకల మధ్య చిక్కుకున్న గాలే అసలు దుప్పటి, నా చెమటకు ఈకలు ముద్దకట్టాక అందులో గాలెక్కడిది? ఇవన్నీ ఇంట్లో కూచుని చదివినవే. వానలో తడిసొస్తే అమ్మ అన్నిటికన్నా ముందు "ఆ తడిబట్టలు విప్పు" అని అరిచేది. అదీ ఇదీ ఒకటేనని తట్టడానికి ఆ గట్టు ఎక్కాల్సి వచ్చింది.

పెద్దాయన నా మొహం చూసి ఏమీ అడగలేదు. ఇద్దర్ని గాలికి అడ్డంగా నిలబెట్టి, అక్కడికక్కడే నా చేత అన్నీ విప్పించి, తన పొడి ఉన్ని చొక్కా ఒకటి ఇచ్చాడు. బనియన్ చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూసి, నా బ్యాగుకు బయట కట్టాడు. శిఖరం చేరేలోపే అది అట్టముక్కలా బిగుసుకుపోయి, అడుగడుక్కీ బ్యాగుకు టక్ టక్ మని కొట్టుకుంటూ వచ్చింది. శిఖరం మీద ఏం చూశావంటే నాకు ఆ చప్పుడే గుర్తొస్తుంది.

ఆ రాత్రి గుడారంలో, మంచినీళ్ల సీసాలు తలకిందులుగా పెడుతూ (నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత వైపు కరిగే ఉంటుంది) నా పరువు కాస్త నిలుపుకోవాలని మొదలుపెట్టాను. "1924లో ఎవరెస్ట్ ఎక్కబోయిన జార్జ్ మాలరీ వేసుకున్న పొరల్లో ఉన్ని, పట్టుతో పాటు కాటన్ కూడా ఉంది సార్. 1999లో ఆయన దేహం దొరికాక ఆ బట్టల్ని పరీక్షించి, అచ్చం అలాంటివే కుట్టించి వేసుకుని కూడా చూశారు."

"ఊఁ. ఆయన తిరిగొచ్చాడా?"

నా దగ్గర జవాబు లేదు. రెండు జతల సాక్సులు తొడిగి బూట్లు బిగించినందుకు రక్తం ఆడక మొద్దుబారిన కాలివేళ్లు నలుపుకుంటూ పడుకున్నాను. ఆ తప్పు సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

మర్నాడు దిగేటప్పుడు రెండే పొరలతో, వణుకుతూ వరసలో నిలబడ్డాను. పెద్దాయన ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగి, మెడ దగ్గర జిప్పు కిందికి లాగి లోపలికి తొంగిచూశాడు.

"సరే, నడు."