ఇంజను ఆఖరున కొనండి

మోడల్ రైళ్ల పిచ్చి ఇంజనుతోనే పడుతుంది. అద్దాల బీరువాలో ఒక స్టీమింజను కనబడుతుంది. చక్రాలను కలిపే కడ్డీలు, బాయిలర్ మీద రివెట్లు, అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటాయి. చెయ్యి ఆగదు, కొనేస్తాం. ఉన్న బల్ల మీద అది తిరిగేంత మలుపు పట్టదని తర్వాత తెలుస్తుంది. అందుకే వరుస తిరగెయ్యాలి: ముందు చోటు, తర్వాత స్కేలు, ఆ పైన మలుపు, పట్టాలు, కరెంటు. ఇంజను చిట్టచివర.

స్కేలు, గేజి ఒకటి కాదు. అసలు బండిని ఎన్నో వంతుకు కుదించారో చెప్పేది స్కేలు. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య ఎడం గేజి. ఎక్కువమంది ఆడేది హెచ్ఓ: 1:87, గేజి 16.5 మి.మీ. స్టాండర్డ్ గేజి 1435 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే వచ్చేది అదే. ఆ తర్వాతది ఎన్: గేజి 9 మి.మీ., స్కేలు 1:160. అయితే ఎన్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే కొలత కావు. బ్రిటిష్ ఎన్ 1:148, జపాన్‌ది చాలావరకు 1:150. మూడూ ఒకే పట్టాల మీద నడుస్తాయి, పక్కపక్కన పెడితే మాత్రం పొత్తు కుదరదు. బ్రిటిష్ ఓఓ సంగతి ఇంకా తమాషా. అక్కడి అసలు ఇంజన్లు చిన్నవి, 1:87కి కుదిస్తే ఆనాటి మోటార్లు లోపల పట్టలేదు. దాంతో పట్టాలను 16.5 దగ్గరే ఉంచి, బండిని మాత్రం 1:76కి పెంచారు. ఓఓ బండి హెచ్ఓ పట్టాల మీద హాయిగా తిరుగుతుంది, కాకపోతే పక్కనున్న హెచ్ఓ బండి కన్నా ఏడో వంతు పెద్దదిగా కనబడుతుంది. ఇంకా చిన్నది కావాలంటే జడ్ (1:220, 6.5 మి.మీ.), తోటలో వేసుకోవాలంటే జి (45 మి.మీ.) ఉన్నాయి. మొదటి కొనుగోలుకు రెండూ వద్దనే చెబుతాను.

పొడవాటి రైలు దూరంగా సాగిపోతుంటే చూడాలనుకునేవారికి ఎన్ బాగుంటుంది. పెట్టెల్ని విడదీసి, కలిపి, యార్డులో అటూఇటూ నెడుతూ ఆడాలంటే హెచ్ఓ. ఎన్ ఇంజను తేలిక, పట్టా మీద కాస్త మురికి ఉన్నా నిలిచిపోతుంది. చక్రాల్ని పట్టాలెక్కించడం కూడా కళ్లకు, వేళ్లకు పరీక్షే. రీరైలర్ అని చిన్న వాలు పలక దొరుకుతుంది, మొదటి రోజే తెచ్చుకోండి.

ఇప్పుడు టేపు తియ్యండి. మలుపు వ్యాసార్థాన్ని పట్టాల జంట నడిమధ్య నుంచి కొలుస్తారు. హెచ్ఓలో అమెరికన్ స్టార్టర్ సెట్లకు మామూలుగా 18 అంగుళాలు, అంటే 457 మి.మీ. రెట్టింపు చేస్తే 914. బండి మూలలు బయటకు పొడుచుకొస్తాయి, పట్టాలు తప్పితే కింద పడకూడదు కూడా. అందుకని రెండు వైపులా 6, 7 సెంటీమీటర్లు వదలాలి. బల్ల వెడల్పు 105 సెం.మీ. దాకా తేలుతుంది. ఎన్‌లో 282 మి.మీ. మలుపుకు 65 సెం.మీ. చాలు, ఒక చదునైన తలుపు చెక్క సరిపోతుంది. బల్లను గోడకు ఆనించేటట్టయితే 75 సెం.మీ. దాటనివ్వకండి, అవతలి అంచున బోల్తా పడ్డ పెట్టెకు చెయ్యి అందదు.

ఏ బండి ఏ మలుపులో నడుస్తుందన్నదానికి ఒక మోటు లెక్కుంది. మీ రైల్లో అన్నిటికన్నా పొడవైన పెట్టెకు మూడింతలు వ్యాసార్థం ఉంటే నిశ్చింత. రెండింతలకు దిగితే కొన్ని మోడళ్లే నడుస్తాయి. 26.4 మీటర్ల యూరప్ ప్యాసింజర్ పెట్టె 1:87లో 303 మి.మీ. వస్తుంది. దానికి మూడింతలంటే 91 సెం.మీ. వ్యాసార్థం. అంత చోటు ఎవరింట్లో ఉంటుంది? అది తెలిసే తయారీదారులు పొడవును మాత్రం 1:100కి తగ్గించి 264 మి.మీ. పెట్టెలు కూడా చేస్తారు. అవి తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. బిగువైన మలుపులో పొడవు పెట్టెలు లోపలి వైపుకు లాగబడి పడిపోతాయి, వెనక్కి నెడితే బఫర్లు మెలికపడతాయి. చక్రాలు ఎక్కువున్న పెద్ద స్టీమింజనైతే మధ్య ఇరుసు బిగుసుకుని పట్టా మీదకు ఎక్కేస్తుంది. మొదటి బండిగా చిన్న ట్యాంకు ఇంజనో (నీళ్లు, బొగ్గు తన మీదే మోసుకునే స్టీమింజను), నాలుగు ఇరుసుల డీజిలో, వెంట నాలుగు పొట్టి గూడ్సు పెట్టెలో పెట్టుకుంటే ఈ బాధలేవీ ఉండవు.

పట్టాల్లో కింద ప్లాస్టిక్ కంకర దిమ్మెతో వచ్చేవి నేల మీద పరిచి తీసేయడానికి మేలు. జపాన్ కంపెనీ కాటో చేసే యూనిట్రాక్ ఈ రకమే. ఒక కంపెనీ క్లిప్పు ఇంకోదానికి పట్టదు కాబట్టి మొదట ఎంచుకున్నదానికే కట్టుబడాలి. కోడ్ 100, కోడ్ 83 అన్నవి పట్టా ఎత్తును అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతాయి. కోడ్ 100 అంటే 2.54 మి.మీ. అంకె తగ్గేకొద్దీ చూపుకు అసలు పట్టాలా ఉంటుంది, కానీ పాత బండ్ల లోతైన చక్రపు అంచులు స్లీపర్ల మీది మేకుల్ని కొట్టుకుంటూ టకటకలాడతాయి. లోహం నికెల్ సిల్వరే తీసుకోండి. పేరులో తప్ప అందులో వెండి లేదు: రాగి, నికెల్, జింకుల మిశ్రమం. ఉక్కు తుప్పు పడుతుంది, ఇత్తడిని మాటిమాటికీ తుడవాలి.

సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువమంది దెబ్బతినేది జర్మన్ కంపెనీ మార్క్లిన్ హెచ్ఓ దగ్గర. బండి మంచిదే, పద్ధతి వేరు. దానికి పట్టాల నడుమ బొడిపెల వరుస ఒకటి ఉంటుంది, కరెంటు అక్కణ్నుంచి అందుతుంది. రెండు వైపుల చక్రాల మధ్య ఇన్సులేషన్ ఉండదు. మామూలు రెండు పట్టాల దారి మీద పెడితే వెంటనే షార్టు. ఇంజను తిరగేసి చూడండి: పొట్ట కింద పొడవాటి లోహపు పలక ఉంటే అది ఆ రకమే.

కరెంటులో దారులు రెండు. మామూలు డీసీలో 12 వోల్టుల వరకు, నాబ్ తిప్పినకొద్దీ వేగం పెరుగుతుంది. పట్టాల మీద ఎన్ని ఇంజన్లుంటే అన్నీ కలిసి కదులుతాయి. రెండోది డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్. ఇందులో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి కరెంటుంటుంది, ఇంజను లోపలి డీకోడరు తన నంబరుకు వచ్చిన ఆజ్ఞనే వింటుంది. ఇంజను వచ్చే అట్టపెట్టె మీద ‘డీసీసీ రెడీ’ అని ఉంటే లోపల సాకెట్ మాత్రమే ఉందని అర్థం, డీకోడరు విడిగా కొనాలి. అదీ సాకెట్‌కు తగినదే: 8 పిన్‌లు, 21 పిన్‌లు, ప్లక్స్22, చిన్న బండ్లలో నెక్స్ట్18. కొత్త డీకోడరు సాధారణంగా 3 నంబరుతో వస్తుంది. మార్చకపోతే రెండు ఇంజన్లు ఒకే మాటకు పరిగెడతాయి. బిగించాక ముందు ప్రోగ్రామింగ్ ట్రాక్ మీదే, అంటే డీకోడరు నంబరు మార్చడానికి విడిగా ఉంచే పట్టాల ముక్క మీదే పరీక్షించాలి. అక్కడ కరెంటు పరిమితం కనుక వైరు తప్పు కలిసినా డీకోడరు మాడే ప్రమాదం తక్కువ. ఒక్క బండితో మొదలుపెట్టేవారికి డీసీ చాలు, ఇంజను మాత్రం సాకెట్ ఉన్నదే తీసుకోండి.

లూపు అవతలి వైపు బండి నీరసించిందంటే మోటారును అనుమానించకండి. పట్టాల్ని కలిపే లోహపు జాయినర్లు వదులై కరెంటు తగ్గుతుంది. ప్రతి మీటరుకో మీటరున్నరకో ఒక జత వైర్లు పట్టాలకు కలిపితే సరి.

పాత ఇంజను కొనేటప్పుడు ‘చివరిసారి పెట్టినప్పుడు నడిచింది’ అన్న మాటకు విలువివ్వకండి. డీసీ ఇంజనైతే 9 వోల్టుల బ్యాటరీకి రెండు వైర్లు కట్టి రెండు వైపుల చక్రాలకు తాకించండి, తర్వాత వైర్లు మార్చి తాకించండి. మోటారు రొదపెట్టి చక్రాలు తిరగకపోతే గేరు పగిలి ఉండొచ్చు, గ్రీజు గట్టిపడి ఉండొచ్చు. రెండోది కడిగితే పోతుంది. తిరుగుతూ లయగా కుంటితే ఇరుసు గేరుకు చీలిక వచ్చిందేమో చూడాలి. పోత లోహపు చాసిస్ ఉబ్బి, సన్నని పగుళ్లు పాకి ఉంటే మాత్రం అక్కడే వదిలెయ్యండి. పోతపోసేటప్పుడు జింకులో సీసం లాంటి మలినాలు కలిస్తే పట్టే తెగులది, మందు లేదు.

ఇక ఇంజను. అట్టపెట్టె మీద కనీస వ్యాసార్థం, సాకెట్ రకం, కప్లింగు (బండ్లను ఒకదానికొకటి తగిలించే కొక్కెం) మూడూ చూడండి. కప్లింగు ఎన్ఈఎమ్ 362 అనే యూరప్ ప్రామాణిక జేబులో ఉంటే లాగి వేరేది గుచ్చుకోవచ్చు, రివెటు వేసి ఉంటే కష్టం. తెచ్చాక పెట్టెలేవీ తగిలించకుండా, సగం వేగంతో ముందుకు అరగంట, వెనక్కి అరగంట తిప్పండి. నూనె అవసరమైతే ప్లాస్టిక్‌ను తినని రకం, ఇరుసుకు సూది మొన మీద నిలిచేంత. ఎక్కువైతే పట్టాల మీదకు కారి దుమ్ము పట్టిస్తుంది. ఆ పట్టాల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి గానీ గరుకు కాగితంతో రుద్దకూడదు, ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. బండిలో దోషమేదైనా ఉంటే చాలావరకు ఆ మొదటి గంటలోనే, వాపసు గడువు మిగిలి ఉండగానే బయటపడుతుంది.