నాన్న షష్టిపూర్తి కార్డు

కార్డు అచ్చు కోసం నిన్న హైదరాబాదులో ప్రింటింగ్ షాపులుండే ఛత్తా బజార్ వెళ్లాను. పాతకాలపు బొద్దు అక్షరాలంటే నాకు ప్రాణం. నాన్న పేరు ఇంగ్లిషులో కూపర్ బ్లాక్‌లో పెట్టించాను. 1922లో వచ్చిన ఫాంట్ అది, షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసింది. అంచులన్నీ గుండ్రంగా, అప్పుడే పొంగిన పూరీలా ఉంటుంది. తెలుగులో దానికి జోడీగా బలూ తమ్ముడు. ఏక్ టైప్ వాళ్లు చేసిన ఈ ఫాంట్ ఉచితంగానే దొరుకుతుంది. మన అక్షరాలు ఎలాగూ గుండ్రం కదా, ఆ బొద్దుతనం వాటికి భలే అతికింది.

ముచ్చటపడి కార్డు మొత్తం అందులోనే పెట్టించాను. ప్రూఫ్ చూసిన అమ్మ ముహూర్తం లైను చదవలేకపోయింది! 'షష్టిపూర్తి' అని పెద్దగా ఉన్నచోట ట వత్తు, త వత్తు ఎంత ముద్దుగా ఉన్నాయో, కింద చిన్న సైజులో వత్తులూ గుడులూ అంతగా ముద్దైపోయాయి. ఇలాంటి ఫాంట్లు శీర్షికకి, పోస్టర్‌కి, షాపు బోర్డుకి. "హెడ్డింగుకే ఉంచుదాం అన్నా" అన్నాడు షాపులో డిజైన్ చేసే కుర్రాడు. మిగతాదంతా మండలి అనే ఇంకో తెలుగు ఫాంట్‌లోకి మార్చి, వత్తులకి చోటుండేలా లైన్ల మధ్య ఖాళీ పెంచాం.

రాత్రి కొత్త ప్రూఫ్ ఇస్తే, నాన్న తన పేరు మీద వేలితో మెల్లగా రాసుకుంటూ కూర్చున్నారు.