ఘంటసాల పద్యం, మీ గొంతు

ఘంటసాలలా పద్యం పాడాలని కూర్చున్న మగవాళ్లు చాలామంది ముందు చేసేది గొంతు కిందికి నొక్కి బరువు తెచ్చుకోవడం. ఆయనకది పుట్టుకతో వచ్చిన గాత్రం. మనం నొక్కితే తారషడ్జం (పై 'స') దగ్గరే బిగుసుకుపోతుంది, రెండు పద్యాలకే గరగర మొదలవుతుంది. పైగా ఎన్టీఆర్‌కు ఒకలా, ఏఎన్నార్‌కు ఒకలా గొంతు మార్చి పాడినాయన. ఇంతకీ మీరు అనుకరిస్తున్నది ఏ ఘంటసాలను?

ముందు శ్రుతి, అంటే మీ 'స' ఎక్కడ నిలవాలో, చూసుకోండి. మంద్ర పంచమం (కింది 'ప') దాకా దిగినా, తార పంచమం (పై 'ప') దాకా ఎక్కినా నలగకుండా ఉండే చోటు మీది. హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్లకు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర. ఆడవాళ్లకు అయిదు, అయిదున్నర. రికార్డు శ్రుతికే పాడాలని ఎవరూ రూలు పెట్టలేదు.

ఆయన దగ్గర తీసుకోవాల్సింది పదం విరుపు. పోతన గజేంద్రమోక్షంలో 'ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై' చూడండి. ఉత్పలమాల కాబట్టి పదో అక్షరం 'మె' దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదిరే చోటు. యతి ఉంది కదా అని అక్కడ ఆగితే 'జగ' అని ఒక ముక్క, 'మెవ్వని' అని ఇంకో ముక్క. పద్యం చచ్చింది! ఊపిరి చాలకపోతే 'జనించు' దగ్గరే తీసుకుని 'జగమెవ్వని' ఒక్క పట్టున అనాలి. రాగం సాగదీయడానికి 'లీనమై' ఉండనే ఉంది, మాట పూర్తయ్యాక ఎంతసేపైనా. ఆయన ఊపిరి పీల్చిన చోటే మీరూ పీల్చనక్కర్లేదు, అది ఆయన ఊపిరితిత్తుల లెక్క.

బాలు 1966లో పాడటం మొదలుపెట్టేనాటికి ఘంటసాల ఇంకా ఏలుతున్నారు, 1974లో పోయేదాకా. బాలు సన్నటి గొంతు ఆ బరువు జోలికి పోలేదు, మాట స్పష్టతను మాత్రం వదల్లేదు.

సాధనకు రోజుకు ఒక్క పద్యం చాలు. రికార్డు పదిసార్లు ఊరికే వినండి, కూడా పాడొద్దు. పాడితే మీ తప్పు ఆయన గొంతు కింద దాక్కుంటుంది. తర్వాత రాగం లేకుండా మాటలా చదవండి. ఆపైన తంబురా ఒక్కటే పెట్టుకుని పాడి, ఫోన్లో రికార్డు చేసి, వెంటనే అదే పద్యం మామూలుగా చదివి అదీ ఎక్కించండి. మర్నాడు పొద్దున వినండి. పాడింది ఒకరు, చదివింది ఇంకొకరు అనిపిస్తే శ్రుతి అర పెంచి మళ్లీ మొదలుపెట్టండి.