ఏడవొద్దని బైబిలు వాక్యంలో ఎక్కడుంది?

కువైట్‌లో ఇంటిపనికున్న ఆడమనిషికి అమ్మ పోయిందని రాజంపేట నుంచి ఫోన్. ఆ ఇంటి మామ (యజమానురాలిని అక్కడ అలాగే పిలుస్తారు) పొయ్యి కట్టేసి, "సబర్", ఓర్చుకో అంటూ పక్కన కూర్చుంటుంది. సాయంత్రానికి మన చర్చి సంఘంవాళ్ల ఫోన్లు మొదలు: "రక్షణ పొందినదానివి, ఇట్లా ఏడిస్తే ఎట్లా?"

మనకు ఓదార్చడం రాక కాదు. ఊళ్లోనైతే ఇంటినిండా జనం, మాట అవసరమే ఉండదు. ఇక్కడ జనం లేని లోటును వాక్యంతో పూడ్చబోయి, వాక్యాన్నే విరిచేస్తున్నాం. 1 థెస్సలొనీకయులకు 4:13 దుఃఖపడొద్దనలేదు, "నిరీక్షణలేని యితరులవలె" దుఃఖపడొద్దంది. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. పిల్లల్ని పోగొట్టుకున్న యోబు పక్కన అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద ఊరకే కూర్చున్నారు. వాళ్లు చెడింది నోరు తెరిచాకే.

కువైట్ చట్టప్రకారం ఇంటిపనివాళ్లకు ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవుంది. కానీ టికెట్ దొరికి, చెన్నైలో దిగి, ఊరు చేరేదాకా శవాన్ని ఆపరు. కాబట్టి చాలామందికి భూస్థాపన ఫోన్‌లోనే. ఫోన్ పట్టే పని అన్నదమ్ములకు అప్పజెప్పొద్దు, పెట్టె లేపేటప్పుడు వాళ్ల చేతులు ఖాళీగా ఉండవు. పక్కింటి కుర్రాడికివ్వండి, చార్జింగ్ నిండా పెట్టించండి. సమాధుల తోటలో సిగ్నల్ అందక వీడియో ఆగిపోతుంది, అప్పుడు మామూలు కాల్ చేస్తే పాస్టరుగారి ప్రార్థనైనా వినబడుతుంది. ఆమె పేరుచెప్పి ఒక పిడికెడు మన్ను వేయమని ముందే ఎవరికైనా చెప్పిపెట్టాలి. అది మరిచిపోతే ఆ బాధ ఏళ్లతరబడి పోదు.

ఆదరణ కూడిక ఆ వచ్చే శుక్రవారమే పెట్టండి, ఆమె బయటికొచ్చే రోజు అదొక్కటే. చర్చి ఆవరణలో వేళ దొరక్కపోతే ఎవరి ఫ్లాట్‌లోనైనా సరే. గోడలు పల్చన, పక్కవాళ్లు ఫిర్యాదు చేస్తారు, కాబట్టి డోలక్ వద్దు. రెండు పాటలు మెల్లగా, ఒక కీర్తన (23 అయితే అందరికీ నోటికొచ్చు), పదినిమిషాల వాక్యం. తర్వాత ఆమెను అమ్మ గురించి మాట్లాడనివ్వండి. కూడిక పాడయ్యేది సాధారణంగా ఇక్కడే. ఆమె నోరు తెరిచేలోపే ఎవరో లేచి "దేవుని చిత్తం" అంటారు. చిత్తమే కావచ్చు, ఆ మాట ఆమె నోట రావాలి గానీ మన నోట కాదు. దినారో రెండు దినార్లో పోగుచేస్తే లెక్క కాగితమ్మీద రాసి ఆమె చేతికివ్వండి.

ఆమెకు తీరిక దొరికేది రాత్రి గిన్నెలు కడిగాక, పదింటికి. అప్పటికి ఊళ్లో పన్నెండున్నర, అందరూ పడుకునుంటారు. ఆ వేళకు ఫోన్ ఎత్తే మనిషి ఇక్కడొకరు ఉండాలి. ఈ వారం ఎవరు, వచ్చే వారం ఎవరు అన్నది కూడిక రోజే అనుకోండి.