విరిగిన రెండు కాళ్లు

నాణెం వేస్తే క్రెడిట్ (ఆడే ఛాన్సుల లెక్క) పడట్లేదు. ఇది నాణెం వేసి ఆడే గలాగా వీడియో గేమ్ మెషీన్‌లోని సర్క్యూట్ బోర్డు, జపాన్ కంపెనీ నామ్కో వాళ్లది, 1981 నాటిది. బొమ్మ చక్కగా వస్తోంది, పురుగులు బారులు తీరి తిరుగుతున్నాయి, ఆట మాత్రం మొదలవదు. నాణేల లెక్కా జాయ్‌స్టిక్ కదలికలూ చూసుకునేది ఒక కస్టమ్ చిప్. బోర్డులోని మూడు జెడ్80 ప్రాసెసర్లలో ఏది పోయినా ఇంకోటి వెతికి పెట్టుకోవచ్చు. ఈ కస్టమ్ చిప్ అలా కాదు, నామ్కో తన ఆటల కోసమే చేయించుకున్నది. సాకెట్‌లోంచి తీయాలంటే గుండె దడదడలాడింది.

చిప్ కాళ్లన్నీ, అంటే సాకెట్‌లోకి దిగే లోహపు పిన్నులు, నల్లగా ఉన్నాయి. నలుపు చూసి నేను కంగారుపడను. వెండి సామాను నల్లబడినట్టే కాళ్ల మీది వెండి పూత కూడా గాలిలోని గంధకం తగిలి నల్లబడుతుంది, లోపల కాలు గట్టిగానే ఉంటుంది. భయమంతా ఎర్ర తుప్పుతోనే. పాత చిప్‌లలో చాలావాటి కాళ్లు ఇనుము, నికెల్ కలిసిన లోహం. పూత లేచిపోయి చెమ్మ తగిలితే, సరిగ్గా కాలు కిందికి వంగే చోటే తుప్పు తినేస్తుంది. సన్న స్క్రూడ్రైవర్‌తో ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర, వెంట్రుకవాసి చొప్పున లేపాను. అయినా రెండు కాళ్లు సాకెట్‌లోనే ఉండిపోయాయి. చిప్ అరచేతిలో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మధ్యాహ్నమంతా ఆ రెంటితోనే గడిచింది. విరిగిన చోట పట్టు దొరకదు, నల్ల ప్లాస్టిక్‌నే కాస్త చెక్కాలి. ముక్కుకి మాస్కు కట్టుకుని, చిన్న గ్రైండర్ మొనతో ఆనించీ ఆనించకుండా గీకుతూ పోయాను. నల్లటి పొడి ఊదేసి భూతద్దంలో చూడటం, మళ్లీ గీకడం. లోతుకి పోతే లోపలి సన్న తీగలు తెగుతాయి, చిప్ చచ్చినట్టే. ఒక మిల్లీమీటరు కూడా దిగలేదు, సూది మొనంత మెరుపు కనిపించింది. ప్రాణం లేచొచ్చింది!

పాడైన వేరే చిప్ నుంచి రెండు కాళ్లు కత్తిరించుకున్నాను. సోల్డర్ బాగా పట్టేలా చేసే ఫ్లక్స్ పూసి, 63/37 సోల్డర్‌తో (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) అతికించాను. అది 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి సోల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లు ఆనిస్తే చాలింది. పక్క కాళ్లకీ వీటికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు కుదిరేదాకా రెండోది మూడుసార్లు ఊడదీసి పెట్టాల్సొచ్చింది. మిగతా కాళ్లని గరుకు కాగితంతో రుద్దలేదు, ఉన్న కాస్త పూత కూడా పోతుంది. ఫైబర్‌గ్లాస్ పెన్నుతో మెల్లగా తుడిచి, పైన పల్చగా సోల్డర్ పట్టించాను. పాత సాకెట్ కూడా తీసేశాను. దాని పట్టీలు తుప్పుపట్టి ఉంటే కాలు ఎంత బాగుచేసీ లాభం లేదు.

సాయంత్రం కొత్త సాకెట్‌లో చిప్ కూర్చోబెట్టి, నాణెం వేశాను. తెర అడుగున సున్నా కాస్తా ఒకటయింది. నమ్మకం కుదరక ఇంకోటి వేశాను. రెండు!

పక్క కస్టమ్ చిప్ అంచున కూడా ఎర్రటి మచ్చ కనిపించింది. రేపు పొద్దున్నే దాన్ని చూడాలి.